కొబ్బరినీళ్లు కారిన ఎర్రకారు

"ఇది కారా, కారు కన్న పిల్లా?" అన్నాను నేను.

"స్పోర్ట్స్ కారక్కా. గిట్లనే పొట్టిగ ఉంటది," అన్నాడు మా తమ్ముడు, నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని.

"తలుపులు రెండే ఉన్నయేందిరా?"

"రెండే ఉండాలె."

"సీట్లో?"

"అవి గూడ రెండే."

"ఒకదాంట్ల నువ్వు, ఒకదాంట్ల పెళ్లికొడుకు. మరి తోడుపెళ్లికొడుకు యాడ కూసుంటడు, నీ నెత్తి మీదనా?"

"ఆయన ట్రాక్టర్ల వస్తడు తియ్. లోకంల ఎవలన్న బండి తెచ్చుకుంటే అక్కలు ఎదురొచ్చి హారతిస్తరు. నువ్వేమో సీట్లు లెక్కవెడ్తున్నవ్."

"కాడెడ్లను అమ్మి కుర్చీల్లేని బండి తెచ్చినోనికి హారతి గాదు, వాతలు పెట్టాలె. ఇగో, అందరి ముంగట చెప్తున్న, ఇను. రేపు పొద్దుగాల పెళ్లికొడుకు ఈ బండెక్కి ఊరేగితే నేను మల్ల నోరు తెర్వ. ఎక్కకపోతే మాత్రం దీన్ని యాడనన్న అమ్ముకొచ్చి, ఎడ్లను కొని, ఈ వానలకే మిరపతోటల దిగాలె. ఖబూలా?"

"ఖబూల్," అన్నాడు వాడు, ఎడ్లు ఎలా ఉంటాయో అప్పుడే మరిచిపోయినవాడిలా.

ఆ రోజుల్లో నాకు కోపం ఎక్కువ, మోకాళ్ల నొప్పి తక్కువ. ఇప్పుడు లెక్క తిరగబడింది. మనవరాళ్లు నన్ను "మంచి నానమ్మ" అంటున్నారంటే ఆ పుణ్యమంతా నా మోకాళ్లదే, లేచి వెళ్లి తిట్టే ఓపిక లేక మంచిదాన్నయ్యాను. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల సంగతి ఇది. జూలూరుపాడు దాటాక కొత్తగూడెం రోడ్డు పక్కన మాకొక టిఫిన్ హోటల్ ఉండేది. హోటల్ అంటే మీరేదో అనుకునేరు. తాటాకుల పందిరి, నాలుగు బల్లలు, ఒక పొయ్యి, నేను. నా చదువు మూడో తరగతి. చట్నీ మూడోసారి అడిగినవాడి ముఖం గుర్తుపెట్టుకోవడానికి ఆ చదువు చాలు. మా తమ్ముడు అంతకంటే రెండింతలు చదివి, ఆ చదువుకు తగ్గట్టు హైదరాబాదులో ఒక సేటు దగ్గర డ్రైవరుగా చేరాడు. ఆ సేటుకు ఎర్రటి స్పోర్ట్స్ కారు ఒకటి ఉండేదట, ఏ దేశం నుంచో ఓడలో వచ్చిందట. సేటుకు నడుం నొప్పి వచ్చి దాని మీద మోజు తీరిపోయింది. నడుం నొప్పి తెప్పించే బండిని మనిషన్నవాడు వదిలించుకుంటాడు, మావాడు కొనుక్కొచ్చాడు. పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుతాడట. మొదటి కిరాయి పాల్వంచ అవతల ఊళ్లో, మర్నాడు పొద్దున. పెళ్లికొడుకు గుర్రం వద్దన్నాడట, జీపు వద్దన్నాడట, ఎర్రకారైతేనే పీటల మీద కూర్చుంటానన్నాడట. (అటువంటి అల్లుణ్ణి తెచ్చుకుంటున్న ఆ అత్తగారి మీద నాకు అప్పుడే జాలేసింది.)

బండి వచ్చిందని తెలిసి మా అమ్మ ఊరి నుంచి గంపతో దిగింది. పూజ చేయకుండా బండి కదలడానికి వీల్లేదంది. ముగ్గుపిండి అయిపోయిందంటే, గోడలకు వేయగా మిగిలిన సున్నం పొడి ఉంది కదా, అదే వేయమన్నాను. దుకాణంలో పైసలు పోసి తెచ్చిన ముగ్గైనా, గోనెసంచి అడుగున మిగిలిన సున్నమైనా దేవుడికి తెల్లగానే కనిపిస్తుంది. అమ్మ కారు ముక్కు కింద ఇంత పొడుగు ముగ్గేసింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది, ఎక్కడ చోటు దొరికితే అక్కడ పసుపు కుంకుమ బొట్లు పెట్టింది. తర్వాత కొబ్బరికాయ కొట్టి, చిప్పలు ముగ్గు మధ్యలో పెట్టి, "ఊఁ, ఇగ దీని మీదికెళ్లి తోలు నాయనా," అంది.

మా వైపు ట్రాక్టర్లకు జరిగే తంతే ఇది. కొట్టిన కాయ మీదుగా బండి పోవాలి, చిప్పలు వెనక తేలాలి. ట్రాక్టరు కింద నుంచి కోడిపెట్ట పిల్లల్ని వెంటేసుకుని తలెత్తుకుని నడిచి పోవచ్చు కాబట్టి ఏనాడూ ఎవరికీ ఏమీ కాలేదు. ఈ కారు కిందికి నా అరచెయ్యి దూరడమే గగనం. మావాడు వంగి చూసి, "అమ్మా, చిప్పలు తగుల్తయేమో, పక్కకు తీస్తనే," అన్నాడు.

"పక్కకు తీస్తే దిష్టి గూడ పక్కకే జరుగుతది, పోదు. మీ మామ ట్రాక్టరు కొన్ననాడు గట్లనే చేసినం. పన్నెండేండ్లాయె, గీత గూడ పడలే. తోలు."

తోలాడు. కారు ముందుకు జరిగింది. కింద ఎక్కడో కటుక్కుమంది.

"ఇన్నరా? దిష్టి ఇరిగింది," అంది అమ్మ. అందరం దండం పెట్టుకున్నాం.

కారు మళ్లీ వెనక్కి వచ్చి ముగ్గు మీద ఆగింది. దాని ముక్కు కింద తడి. తియ్యటి వాసన. కొబ్బరినీళ్లన్నారు అందరూ. కాస్త పచ్చగా ఉన్నాయేమిటని నాకు అనిపించకపోలేదు, కానీ పసుపు, కుంకుమ, నిమ్మకాయ రసం అన్నీ కలిసిన చోట ఏ రంగుకు ఎవరు పూచీ? అమ్మ వంగి ఆ నీళ్లలో వేళ్లు ముంచి, నెత్తిన చల్లుకుని, నా నెత్తిన కూడా చల్లింది. (ఇంజన్ చల్లబరిచే మందును నెత్తిన పోయించుకున్న ఆడవాళ్లు మా జిల్లాలో మేమిద్దరమే అయ్యుంటాం. మా చేత సబ్బుతో తలలు కడిగించడానికి తర్వాత మావాడు పడ్డ పాట్లు వేరే కథ.) మే నెల ఎండ. పిడకలు పూటలో ఎండిపోయే ఎండ. మావాడు ఏన్కూరు దాకా పోయి అందరికీ కారు చూపించుకుని వస్తానని వెళ్లి, ముప్పావుగంటకు తిరిగి వచ్చేసరికి కూడా ఆ కొబ్బరినీళ్లు ఆరలేదు. అదేమని ఒక్కరూ అడగలేదు. అందరి చూపూ కారు వెనకవైపే ఉంది, ఎందుకంటే అక్కడి నుంచి ఆవిరి పొగలు పొగలుగా లేస్తోంది.

"ఏందిరా, ఇడ్లీలు పెట్టినవా?" అన్నాను.

వాడు దిగి, మళ్లీ అదే ముగ్గు మీద ఆగిన ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగి, బల్ల మీద కూలబడ్డాడు. కళ్లద్దాలు జేబులో పెట్టుకున్నాడు. అప్పుడే నాకు అర్థమైంది, వ్యవహారం పెద్దదేనని.

జూలూరుపాడు నుంచి మేస్త్రీని పిలిపించాం. ఆయిల్ ఇంజన్లు, బావుల మీది మోటార్లు, ట్రాక్టర్లు, అన్నీ చూస్తాడు. ఏం చెప్పినా చివర గ్యారంటీ అంటాడు కాబట్టి మేమంతా గ్యారంటీ మేస్త్రీ అనే పిలిచేవాళ్లం. గ్యారంటీ మేస్త్రీ వచ్చి, పంచె ఎగ్గట్టి, కారు ముందు మూత ఎత్తాడు. లోపల ఒక టైరు, ఒక చీపురు, సేటుగారి పాత చెప్పులు. మేస్త్రీ చాలాసేపు ఆ చెప్పుల్ని చూశాడు.

"తమ్మీ, నిన్ను మోసం జేసిండ్రు. దీంట్ల ఇంజనే లేదు, గ్యారంటీ," అన్నాడు.

"ఇంజన్ ఎనక ఉంటదన్నా," అన్నాడు మా తమ్ముడు ఏడుపు గొంతుతో.

"ఎనకనా? బండికి ఇంజన్ ఎనక పెట్టుడేంది, సైకిల్‌కు సామాను కట్టినట్టు?" అంటూ వెనక్కి వెళ్లి ఆ మూత ఎత్తాడు. అక్కడ ఇంజన్ ఉంది, నీళ్లు పోసే మూతా ఉంది, నీళ్లు మాత్రం లేవు. చల్లారేదాకా ఆగి (మా తమ్ముడు చెయ్యి పట్టుకుని ఆపితేనే ఆగాడు) బిందెడు నీళ్లు పోశాడు. కాసేపటికి అవీ లేవు. బ్యాటరీ లైటు పట్టుకుని రబ్బరు పైపులన్నీ పిసికి చూశాడు. ముక్కు కింది ఆ కొబ్బరినీళ్లు తప్ప ఒక్క చుక్క తడి కూడా ఎక్కడా లేదు. పోసిన నీళ్లు పోతున్నాయి, కారేచోటు మాత్రం లేదు. మేస్త్రీ బీడీ ముట్టించి తేల్చేశాడు. "ఇంజనే తాగుతున్నది. ఇంజన్ మీది హెడ్డు పోయింది. మొత్తం దించాలె. సామాను హైదరాబాద్‌ల దొరుకుతదో, ఆ ఓడ వచ్చిన దేశంలనే దొరుకుతదో. పదిహేను దినాలు, గ్యారంటీ."

మా తమ్ముడి ముఖం చూడాలి. నేను గెలిచాను కదా, సంతోషించాలి. మిరపతోటకు మనిషి దొరికాడు, ఎడ్లు తిరిగొస్తాయి, వాడు నా కళ్లముందు ఉంటాడు. "పో, ఇయ్యాలే పెళ్లోళ్లకు ఫోన్ గొట్టి చెప్పు," అన్నాను గట్టిగా. వాడు ఫోన్ చేతిలో పట్టుకుని, నంబరు నొక్కకుండా, ఆ కారునే చూస్తూ కూర్చున్నాడు. చిన్నప్పుడు జాతరలో కొనివ్వని బూర వైపు ఇలాగే చూసేవాడు. నాకు ఒళ్లు మండింది. వాడి మీదో నా మీదో తెలియలేదు.

ఆ సమయంలో బల్ల మీద పూరీలు తింటున్న లారీ డ్రైవరు ఒకాయన, అడక్కపోయినా సలహా ఇచ్చాడు. "రేడియేటర్ల పసుపు పొయ్యుండ్రి. చిన్న చిన్న రంధ్రాలుంటే పూడుకపోతయి. మేం ఘాట్ రోడ్ల మీద గదే పోస్తం."

"హెడ్డు పోయిందంటుంటే పసుపేంది?" అన్నాడు మేస్త్రీ.

"పోయినదానికి పసుపు పోస్తే పొయ్యేదేముంది?" అన్నాడు డ్రైవరు.

అందరూ నా వైపు తిరిగారు, వంటింట్లో పసుపు డబ్బా నాది కాబట్టి. "కూరలకే చిటికెడు చిటికెడు వేస్కుంట వస్తున్న. బండికి డబ్బాడు పొయ్యాల్నా?" అన్నాను. అంటూనే లోపలికి పోయి తెచ్చాను. మేస్త్రీ నీళ్లలో కలిపి పోశాడు, ఇంజన్ ఆడించాడు, ఆపాడు. మా తమ్ముడు, లారీ డ్రైవరు బల్లల మీది నుంచే, మిగతావాళ్లం వెనక నిలబడి చూస్తున్నాం. ఏమీ కాలేదు.

అప్పుడు కారు ముందు నుంచి మా అమ్మ కేక పెట్టింది. "రకుతం! ఓరి నాయనో, బండి రకుతం కక్కుతున్నదిరా!"

పరుగెత్తాం. కారు ముక్కు కింద, అమ్మ వేసిన తెల్లటి ముగ్గు మీద, ఎర్రటి మరక. చూస్తుండగానే మరో చుక్క పడింది, ఇంకాస్త ఎర్రబడింది. లారీ డ్రైవరు పూరీ వదిలేసి లేచాడు. మేస్త్రీ గ్యారంటీ కూడా అనకుండా రెండడుగులు వెనక్కి వేశాడు. మా అమ్మ అప్పటికే ఏ దేవుడికి ఏం మొక్కాలో వరుస పెట్టేస్తోంది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఆ ఎరుపు నాకు తెలుసు. ఇంట్లో పిల్లలకు దిష్టి తీసేటప్పుడు పళ్లెంలో నా చేతుల్తో కలిపే ఎరుపే అది.

"రకుతం లేదు, గికుతం లేదు. పసుపుల సున్నం కలిస్తే ఎర్రగైతదమ్మా. ముగ్గు సున్నంతోటి వెయ్యలే నువ్వు?" అన్నాను.

అన్నాక నాకే అనుమానం వచ్చింది.

"సున్నం కింద ఉన్నది సరే. మరి పసుపు మీదికెళ్లి ఎట్ల పడ్డది? పసుపు పోసింది ఎనక గదా!"

మా తమ్ముడు బల్ల మీది నుంచి ఎగిరి లేచాడు. "రేడియేటర్ ముందే ఉంటదక్కా! పైపులు బండి కిందికెళ్లి పోతయి!" అంటూ నేల మీద పొర్లి కారు కిందికి తల దూర్చాడు. తల పట్టలేదు, ఒక కన్ను పట్టింది. ఆ ఒక్క కన్ను చాలింది. రేడియేటరు అడుగున నీళ్లు వదలడానికి ఒక ప్లాస్టిక్ బిరడా ఉంటుందట. అది అడ్డంగా పగిలింది, దాని పక్కన ఇనుపచట్రంలో కొబ్బరిచిప్ప ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. పొద్దుటి నుంచీ మేం భక్తిగా చూస్తున్న కొబ్బరినీళ్లు అవన్నమాట.

చిప్పముక్క బయటికి వచ్చాక అందరం మా అమ్మ వైపు చూశాం. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మీ మామ ట్రాక్టరుకు ఏం గాలే," అంది. అంతే, ఆ విషయం అక్కడితో ముగిసింది.

బిరడా కొత్తగూడెంలో దొరకదు, ఖమ్మంలో దొరకదు. మేస్త్రీకి ఇప్పుడు ఉత్సాహం వచ్చింది, బావి మోటార్లకు ఇలాంటివి ఎన్నో చూశాడు. "గట్టి కర్ర కావాలె. నున్నగ, గుండ్రంగ, కొస సన్నగ. సైకిల్ ట్యూబ్ సుట్టి కొడితే నీళ్లకు ఉబ్బి పట్టుకుంటది, గ్యారంటీ," అంటూ చుట్టూ చూసి, చూసి, నా పూరీల పీట దగ్గర చూపు ఆపాడు.

"దాన్ని ముట్టుకుంటే మర్యాద దక్కదు మేస్త్రీ. నా పెండ్లినాటి కర్ర అది," అన్నాను.

"అక్కా..." అన్నాడు మా తమ్ముడు.

"నీ బండి బొందలకు నా అప్పడాల కర్ర కావాల్నా?"

"అక్కా, ఒక్క పిడి సాలు."

మొత్తానికి పిడి కోశారు. (కర్ర మిగతా భాగంతో తర్వాత చాలా ఏళ్లు పూరీలు ఒత్తాను, ఒకవైపు పిడితో. అలవాటైతే అదే బాగుంటుంది.) మేస్త్రీ దాన్ని చాకుతో చెక్కి, రబ్బరు చుట్టి, మా అందరి చేత కారు ముక్కు ఎత్తించి, కింద దూరి కొట్టి, ఊడిపోకుండా తీగతో బిగించాడు. ఓడలో వచ్చిన కారుకు జూలూరుపాడు రోడ్డు మీద అప్పడాల కర్ర బిరడా అయింది. నీళ్లు పోశారు. చుక్క కారలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజన్ ఆన్ చేసి కాసేపు ఆడించగానే లోపల వేడిని చూపే ముల్లు మళ్లీ పైకి లేచింది.

చప్పట్లు ఆగిపోయాయి. మా తమ్ముడు తల స్టీరింగు మీద ఆనించాడు. మేస్త్రీ మాత్రం నవ్వాడు. "గాలి పట్టింది! బాయి మోటరుకు గాలి పడితే ఏం జేస్తం? నీళ్లు నింపి గాలి ఎల్లగొడ్తం. గిది గూడ మోటరే గదా. నీళ్లు పోసే మూత ఎనకుంది, గాలేమో ముందు ఇరుక్కుంది. ముక్కు కిందికి, తోక మీదికి వెట్టాలె."

లారీ డ్రైవరు, క్లీనరు, మేస్త్రీ, టీ తాగడానికి ఆగిన ఇద్దరు, నేను కలిసి దాన్ని రోడ్డు గట్టు వాలు మీదికి తోసి, జారకుండా రాళ్లు పెట్టాం. ఎర్రకారు మా చేను వైపు ముక్కు దించి, తోక పైకెత్తి, కుడితి తొట్టిలో మూతి పెట్టిన బర్రెలా నిలబడింది. లోపల వేడిగాలి వచ్చే మీట ఒకటి ఉంటుందట, దాన్ని కూడా తిప్పి ఉంచితే గాని ఆ పైపుల్లోని గాలి పోదని మా తమ్ముడికి గుర్తొచ్చింది. మే నెల సాయంత్రం, వడగాడ్పు ఇంకా తగ్గలేదు, వాడు కారులో కూర్చుని హీటరు పెట్టుకున్నాడు. ముఖం మీది నుంచి చెమట ధారలు. వెనక నీళ్ల మూతలోంచి బుడుంగ్ బుడుంగ్‌మని బుడగలు వస్తున్నాయి, నేను చెంబుతో పోస్తున్నాను.

"మిరపతోటల ఇంత ఎండ ఉండదురా," అన్నాను.

"పొయ్యవే అక్కా," అన్నాడు వాడు, కళ్లలోకి కారిన చెమటను తుడుచుకుంటూ.

బుడగలు ఆగాయి. వెనకనో ముందునో ఫ్యాను బుర్రుమని తిరిగింది. ముల్లు సగానికి దిగి అక్కడే నిలబడింది. మేస్త్రీ ఎవరూ అడగకముందే గ్యారంటీ అన్నాడు, ఆ రోజుకు ఆ మాట నిజమైంది.

మర్నాడు తెల్లవారేసరికి వాడు స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేయించుకుని, నా పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అక్కా, నీళ్ల డబ్బా పట్టుకొని పక్క సీట్ల కూసో. తొవ్వల నేను రోడ్డు సూస్త, నువ్వు ముల్లు సూడు." హోటలెవరు చూస్తారన్నాను, పూరీ పిండి కలిపేశానన్నాను, నడుం పట్టేస్తుందన్నాను. అంటూనే చేతులు కడుక్కున్నాను. ఆ సీట్లో కూర్చోవడమంటే నేల మీద కాళ్లు చాపుకుని కూర్చోవడమే. రోడ్డు నా వీపు కిందనే పరుగెత్తింది. కొత్తగూడెం దాటాం, పాల్వంచ దాటాం, అడవి మొదలైంది. పక్కన తునికాకు కట్టలు వరసలు వరసలుగా ఎండుతున్నాయి. నేను ఏమీ చూడలేదు, ముల్లే చూశాను. కదిలిందంటే వాడిక నాతోనే ఉంటాడు, మిరపతోటలో. ఆ ముల్లు కదలకూడదని మొక్కుకున్నానో, కదలాలని మొక్కుకున్నానో, ఈ రోజుకీ ఎవరైనా అడిగితే కసురుకుంటాను. ఒక్కటి మాత్రం చూశాను. రోడ్డుకు అడ్డంగా స్పీడ్ బ్రేకరు గడ్డ వచ్చిన ప్రతిచోటా వాడు బండిని పక్కకు ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్నే మెల్లగా ఎక్కించి దించుతున్నాడు, నిండు బిందెను చంకనెత్తుకుని గడప దాటే ఆడమనిషిలా. మిరపతోటలో వాడు ఒక్క మొక్కను కూడా అంత జాగ్రత్తగా ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

పెళ్లింటి ముందు బ్యాండు మోగుతోంది. పెళ్లికొడుకు తలపాగా కారు కప్పుకు తగిలి వంకరైంది, అయినా నవ్వుతూనే కూర్చున్నాడు. సీట్లు రెండే కాబట్టి నేను దిగిపోయాను. డబ్బా ఎక్కడ పెట్టాలని అడిగితే మా తమ్ముడు కంగారుగా, "గాయన కాళ్లకాడ వెట్టక్కా," అన్నాడు, పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని, నా వైపు చూసి, ఏమనబోయాడో బ్యాండు చప్పుడులో వినపడలేదు. కారు నడకవేగంతో సాగింది. కింద దుమ్ములో ఒక్క చుక్క తడి లేదు, నేను వంగి చూశాను. బజారు చివర మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. అనాల్సిన మాట ఒకటి నాలుక మీదికి వచ్చింది గాని, నోరు తెరవనని అందరి ముందూ ఒప్పుకున్నదాన్ని కదా, మింగేశాను. భద్రాచలం వైపు నుంచి కొత్తగూడెం బస్సు వస్తే చెయ్యెత్తి ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు సీటు ఎంత ఎత్తుగా ఉందో అని నాలో నేనే నవ్వుకుంటూ, పిండి పులిసిపోకముందే హోటల్ చేరుకున్నాను.